తప్పు ఫాంటుదా, ఫైలుదా, ప్రోగ్రాముదా? తెలుగు డాక్యుమెంట్లలో లోపాల మూలాన్ని పట్టుకోవడం

వర్డ్‌లో గాని, దానిలాంటిదే అయిన ఉచిత ప్రోగ్రాము లిబ్రేఆఫీస్ రైటర్‌లో గాని తెలుగు, ఇంగ్లిష్ కలిసిన వ్యాసం ఒకటి తెరిచి, పేరాల మూల స్టైల్‌లో అక్షరాల సైజును 11 నుంచి 14కు మార్చినప్పుడు తరచుగా ఒక విచిత్రం ఎదురవుతుంది. ఇంగ్లిష్ మాటలు పెద్దవవుతాయి, తెలుగు మాత్రం కదలదు. అదే స్టైల్‌ను బోల్డ్ చేస్తే ఇంగ్లిష్ ముదురుతుంది, తెలుగు పలచగానే మిగులుతుంది. ఈ స్థితిలో చాలామంది ఫాంటును తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. అప్పటికీ కుదరకపోతే ప్రోగ్రాము మొత్తాన్ని తొలగించి కొత్తగా వేసుకుంటారు. రెండూ వృథా శ్రమే. ఫాంటు బాగానే ఉంది, ప్రోగ్రాము కూడా తనకు చెప్పిన పనినే చేసింది. తెలుగు కోసం విడిగా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉందన్న సంగతి మాత్రం వాడుతున్నవారికి ఎక్కడా కనిపించలేదు.

ఈ ప్రోగ్రాములు లిపులను మూడు తెగలుగా చూస్తాయి. ఇంగ్లిష్ వంటివి పాశ్చాత్య లిపులు. చైనీస్, జపనీస్, కొరియన్ రాతలు ఆసియా లిపులు. అరబిక్, హీబ్రూ, థాయ్‌లతో పాటు తెలుగు వంటి భారతీయ లిపులు సంక్లిష్ట లిపులు. ఒకే స్టైల్‌లో ఈ మూడు తెగలకూ విడివిడిగా ఫాంటు పేరు, భాష నమోదై ఉంటాయి; సైజు, బోల్డ్ వంటివి కూడా సంక్లిష్ట లిపులకు వేరుగానే ఉంటాయి. వర్డ్ దాచే డాక్స్ (docx) ఫైలు నిజానికి ఒక జిప్ మూట, అంటే పలు ఫైళ్లను కుదించి ఒకటిగా కట్టినది. దాన్ని విప్పి లోపలి ఎక్స్‌ఎమ్‌ఎల్ చదివితే సైజు రెండు చోట్ల కనిపిస్తుంది: ఎస్‌జెడ్ అన్న పేరుతో ఇంగ్లిష్ వంటి లిపులకు ఒకటి, ఎస్‌జెడ్‌సీఎస్ అన్న పేరుతో సంక్లిష్ట లిపులకు మరొకటి. కొలత అర పాయింట్లలో ఉంటుంది కాబట్టి 12 పాయింట్ల అక్షరానికి అక్కడ 24 అని రాసి ఉంటుంది. మొదటిది 28కి మారి, రెండోది 22 దగ్గరే ఆగినప్పుడు పేజీ మీద ఇంగ్లిష్ 14 పాయింట్లలోనూ తెలుగు 11 పాయింట్లలోనూ పక్కపక్కన కూర్చుంటాయి.

సరిచేసే దారి చిన్నదే. వర్డ్‌లోని ఫాంటు డైలాగ్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అన్న విభాగం ఉంటుంది, తెలుగు ఫాంటునూ సైజునూ అక్కడ ఇవ్వాలి. ఆ విభాగం అసలు కనిపించకపోతే ఆఫీస్ భాషల సెట్టింగుల్లో తెలుగును ఎడిటింగ్ భాషగా చేర్చి, వర్డ్‌ను మూసి తెరవాలి. లిబ్రేఆఫీస్‌లో టూల్స్ మెనూ కింది ఆప్షన్స్‌లో, భాషలకు సంబంధించిన పేజీలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్న గడికి టిక్ పెడితే ప్రతి స్టైల్ డైలాగ్‌లోనూ ఆ విభాగం ప్రత్యక్షమవుతుంది. ఒకసారి స్టైళ్లలో అమర్చి టెంప్లేట్‌గా దాచుకుంటే ఆ తర్వాత ప్రతి డాక్యుమెంట్‌లోనూ తడుముకోనక్కరలేదు. అయితే దీన్ని వాడేవారి అజ్ఞానంగా కొట్టిపారేయడం న్యాయం కాదు. ఒక భాషలో రాసేవారికి తప్పనిసరిగా కావలసిన మీటను, ఆ భాష పేరు కూడా కనిపించని ఒక గడి వెనక దాచిపెట్టడం కోడ్‌లోని లోపం కాకపోవచ్చు గాని, ఇంటర్‌ఫేస్‌లోని లోపం తప్పకుండా అవుతుంది. సంక్లిష్ట లిపి అంటే తమ మాతృభాష లిపేనని ఎవరూ పుట్టుకతో తెలుసుకుని రారు.

ఈ విభజన వల్లనే ఇంకొక చిక్కు వస్తుంది. అంకెలు, ఖాళీలు, విరామ చిహ్నాలు ఏ ఒక్క లిపికీ చెందినవి కావు. లిబ్రేఆఫీస్ వాటిని తమ ముందున్న అక్షరాల తెగలో కలుపుతుంది. అందుచేత తెలుగు మాట తర్వాత వచ్చిన 2014 తెలుగు ఫాంటులోని అంకెలతోనూ, ఇంగ్లిష్ మాట తర్వాత వచ్చిన 2014 ఇంగ్లిష్ ఫాంటులోని అంకెలతోనూ అచ్చవుతాయి. ఒకే పేజీలో అంకెలు ఒకచోట లావుగా, మరొకచోట సన్నగా ఉన్నాయన్న ఫిర్యాదుకు మూలం ఇదే. ఎరుపు గీతల సంగతీ ఇంతే. సంక్లిష్ట లిపుల భాషగా హిందీ నమోదై ఉన్న డాక్యుమెంట్‌లో తెలుగు రాస్తే, ఆ రాతను హిందీ నిఘంటువుతో సరిపోల్చే ప్రయత్నం జరుగుతుంది. భాషను తెలుగుగా మార్చి, తెలుగు నిఘంటువును ఎక్కించిన తర్వాత కూడా గీతలు చాలానే మిగులుతాయి. "వెళ్లగలిగినవాళ్లందరికీ" వంటి మాటను ఒకే పదంగా కట్టగల భాషకు పదాల జాబితా ఎంత పెద్దదైనా చాలదు. అది సెట్టింగులతో తీరే సమస్య కాదు.

కంటికి కనిపించని గుర్తులు

తెరమీద ఒకే ఆకారంగా కనిపించే "స్త్రీ" కంప్యూటర్ లోపల ఆరు సంకేతాల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ప్రపంచ లిపుల అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలున్న ఒక వరుసను కేటాయించారు. ఒత్తులకు అందులో వేరే స్థానాలు లేవు. పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని ఒత్తుగా చూపవలసిన బాధ్యత చూపించే ప్రోగ్రాముది. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే చాలా "లోపాలు" లోపాలు కావని తేలిపోతుంది. బ్యాక్‌స్పేస్ నొక్కితే "స్త్రీ" లోంచి గుడి మాత్రమే పోవడం, డిలీట్ నొక్కితే అక్షరం మొత్తం మాయం కావడం కావాలని చేసిన ఏర్పాటే. వెనక్కి చెరిపేవారు ఇప్పుడే పడిన టైపు తప్పును సవరిస్తున్నారని, ముందుకు చెరిపేవారికి అక్షరం మొత్తంతోనే పని అని దాని వెనకున్న ఊహ.

గుణింతపు గుర్తు కింద చుక్కల వలయం కనిపిస్తే, ఆ గుర్తు ఆనుకోవడానికి హల్లు దొరకలేదని అర్థం. హల్లుకన్నా ముందు గుణింతం టైపు చేసినా, మధ్యలో ఖాళీ దూరినా, ఒకే హల్లుకు రెండు గుణింతాలు తగిలించినా ఆ వలయం వస్తుంది. ఇది ఫాంటు తప్పు కాదు. రాతలో దోషం ఉందని చూపించే హెచ్చరిక.

కనిపించే దోషాల కన్నా కనిపించనివి ఎక్కువ బాధ పెడతాయి. సున్న అంకెకు తెలుగులో ఉన్న "౦", అనుస్వారమైన "ం" తెరమీద దాదాపు ఒక్కలాగే ఉంటాయి. యూనికోడ్‌లో మాత్రం అవి వేర్వేరు. ఒకరు అనుస్వారం బదులు అంకెను వాడి పుస్తకమంతా టైపు చేస్తే, చదివేవారికి ఏమీ తెలియదు. "గ్రంథం" అని వెతికితే మాత్రం ఒక్కటీ దొరకదు. అకారాది సూచిక తయారుచేసినప్పుడు ఆ మాటలన్నీ వరస తప్పుతాయి. ఐత్వానిదీ ఇటువంటి కథే. "ై" గుర్తును యూనికోడ్ ఒకే సంకేతంగానూ, ఎత్వపు గుర్తు, దాని కింద వచ్చే ఐత్వపు కొస అనే రెండు సంకేతాలుగానూ అంగీకరిస్తుంది. రెండూ సమానమేనని ప్రమాణం చెబుతుంది. వెతికే ప్రోగ్రాము ఆ సమానత్వాన్ని పాటించకపోతే "పైన" అన్న మాట ఉండీ లేనట్టే అవుతుంది.

ఇక అన్నిటికన్నా తరచుగా దొర్లేది సున్నా వెడల్పుతో ఉండే విడదీత గుర్తు, అంటే జీరో విడ్త్ నాన్‌జాయినర్. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే ట పొల్లు తర్వాత ఈ గుర్తు ఉండాలి. లేకపోతే వకారం ఒత్తుగా మారి "సాఫ్ట్వేర్" అవుతుంది. రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. ఒకే రచయిత ఒకే వ్యాసంలో రెండింటినీ వాడటం కూడా మామూలే, ఎందుకంటే ఫోనులోని కీబోర్డు ఒకలాగా, కంప్యూటర్‌లోని కీబోర్డు మరొకలాగా టైపు చేస్తాయి. వెతికి మార్చే ఆజ్ఞ ఇచ్చినప్పుడు సగం మాటలు మారి సగం మిగిలిపోవడానికి ఇదే కారణం. అనుమానం వచ్చినప్పుడు వర్డ్‌లో కర్సర్‌ను ఆ చోట నిలిపి ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కితే, కర్సర్ వెనకున్న గుర్తు తన యూనికోడ్ సంఖ్యగా మారి కనిపిస్తుంది. 200సి అని వస్తే అది విడదీత గుర్తే. మళ్లీ అవే మీటలు నొక్కితే సంఖ్య గుర్తుగా మారిపోతుంది. కీబోర్డులో ఆ గుర్తు దొరకనివారు ఆ సంఖ్యనే లాటిన్ లిపిలో టైపు చేసి ఇదే పద్ధతిలో చొప్పించవచ్చు.

ఈ చిన్న గుర్తు ఎంత దూరం వెళ్లగలదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ఐఓఎస్ 11 నడుస్తున్న ఐఫోన్లకు ఒక తెలుగు అక్షరం సందేశంగా వస్తే దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది; నోటిఫికేషన్‌గా వస్తే ఫోను హోమ్ తెరే పడిపోయేది. మ్యాక్ కంప్యూటర్లకూ ఈ బెడద తప్పలేదు. వార్తల్లో దీన్ని తెలుగు అక్షరం తెచ్చిన ముప్పుగా రాశారు. అసలు సంగతి వేరు. "జ్ఞానం" అని మామూలుగా రాసినవారికి ఏమీ కాలేదు. జ, పొల్లు, ఞ, వాటి తర్వాత విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం అన్న వరస వచ్చినప్పుడు మాత్రమే, అక్షరాలను పేర్చి చూపే యాపిల్ కోడ్ కంప్యూటర్ మెమరీలో రాయకూడని చోట రాసి కూలిపోయింది. ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య విడదీత గుర్తుకు తెలుగులో ఏ ప్రయోజనమూ లేదు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇదే తరహా వరసలు ఇదే ఫలితాన్నిచ్చాయి. యాపిల్ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో దీన్ని సవరించింది. భద్రతా లోపాల బహిరంగ జాబితాలో సీవీఈ-2018-4124 అన్న సంఖ్యతో అది నమోదైంది. అర్థం లేని రాత ఎదురైనప్పుడు చుక్కల వలయం చూపి ఊరుకోవలసిన ప్రోగ్రాము ప్రాణమే వదిలితే, తప్పు లిపిది ఎలా అవుతుంది? తెలుగు పేరు ఆ లోపానికి అంటుకోవడం అన్యాయమే.

ఫాంటునే భాషగా వాడిన కాలపు వారసత్వం

తెలుగు డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకర్‌తో, అను ఫాంట్లతో పెరిగిన రాత యూనికోడ్ రాత కాదు. అక్కడ ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను బొమ్మలుగా కూర్చారు. ఫైలులో ఉన్నది కంప్యూటర్ దృష్టిలో లాటిన్ రాతే. ఆ ఫాంటు తొడిగినప్పుడే తెలుగుగా కనిపిస్తుంది. ఆ కాలంలో అంతకన్నా మార్గం లేదు, పత్రికలూ పుస్తకాలూ లక్షల పేజీలు దాని మీదనే నడిచాయి. ఆ ఫైళ్లను ఇప్పటి ప్రోగ్రాముల్లో తెరిచినప్పుడు వచ్చే చిక్కులను తెలుగు చిక్కులుగా చూస్తే తెగవు, ఇంగ్లిష్ చిక్కులుగా చూడాలి.

వర్డ్‌లో ఇటువంటి రాత టైపు చేస్తుండగా కొన్ని అక్షరాలు వాటంతట అవే మారిపోతాయన్న ఫిర్యాదు పాతది. వర్డ్‌లోని ఆటోకరెక్ట్ వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దక్షరం చేస్తుంది, వరసగా రెండు పెద్దక్షరాలు వస్తే రెండోదాన్ని చిన్నది చేస్తుంది, నిట్టనిలువు కొటేషన్ గుర్తులను వంపు గుర్తులుగా మారుస్తుంది. ఇంగ్లిష్‌లో ఇవన్నీ ఉపకారాలు. ఈ ఫాంట్లలో చిన్నక్షరం స్థానంలో ఒక తెలుగు ముక్క, పెద్దక్షరం స్థానంలో మరొక తెలుగు ముక్క ఉంటాయి. కాబట్టి ఇంగ్లిష్ వ్యాకరణం కోసం చేసిన దిద్దుబాటు తెలుగు మాటను ధ్వంసం చేస్తుంది. ఆటోకరెక్ట్‌లోని ఆ అంశాలనూ స్పెల్లింగ్ తనిఖీనీ ఆపివేయడమే మందు. అటువంటి ఫైలును యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు కూడా ఇలా పాడైన ముక్కలు కన్వర్టర్‌కు అర్థం కావు; మార్పిడి తర్వాత ప్రూఫ్ చదవకుండా అచ్చుకు పంపకూడదు.

ఫైలు తెరవగానే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తే, ఆ గుర్తుల తీరును బట్టే రోగం చెప్పవచ్చు. రకరకాల లాటిన్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉంటే అది ఫాంటు లేని పాత రాత. ప్రతి మూడు గుర్తులకొకసారి నెత్తిన వాలుగీత ఉన్న చిన్న లాటిన్ అక్షరం, దాని పక్కనే డిగ్రీ గుర్తు గాని కూడిక తీసివేతల జంట గుర్తు గాని తిరిగి తిరిగి వస్తుంటే అది యూనికోడ్ రాతే. యూటీఎఫ్-8 అన్న యూనికోడ్ ఎన్‌కోడింగ్‌లో, అంటే సంకేతాలను బైట్లుగా రాసే పద్ధతిలో, దాచిన ఫైలును ప్రోగ్రాము పాశ్చాత్య ఎన్‌కోడింగ్ అనుకుని చదివింది. తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8గా ఎంచుకుంటే అంతా సర్దుకుంటుంది. అన్నీ ఖాళీ డబ్బాలే కనిపిస్తే, సంకేతాలు సరిగానే ఉన్నాయి గాని వాటిని గీయగల ఫాంటు అందుబాటులో లేదు. మూడింటికీ మందు వేరు, ఒకదానికి ఇచ్చే మందు మరొకదానికి హాని చేస్తుంది. రెండో రకం ఫైలును ఆ పిచ్చి గుర్తులతోనే సేవ్ చేస్తే అసలు రాతను తిరిగి రాబట్టడం చాలా కష్టమవుతుంది.

పేర్చేవాడు ఎవరు?

సంకేతాల వరసను చూసి ఏ హల్లు కిందికి దిగాలి, ఏ గుణింతం పైకెక్కాలి అని నిర్ణయించే పనిని ఫాంటు, షేపింగ్ ఇంజన్ కలిసి చేస్తాయి. ఫాంటులో నియమాల పట్టికలుంటాయి, ఇంజన్ వాటిని అమలు చేస్తుంది. లిబ్రేఆఫీస్ 2017లో వచ్చిన 5.3 నుంచి అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ హార్ఫ్‌బజ్ అన్న ఇంజన్‌నే వాడుతోంది. అంతకుముందు విండోస్‌లో ఒకటి, లినక్స్‌లో ఒకటి, మ్యాక్‌లో ఒకటి పనిచేసేవి. ఒకే ఫైలు మూడు చోట్ల మూడు రకాలుగా కనిపించేది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలోనూ హార్ఫ్‌బజ్ ఉంది. విండోస్‌లోని వర్డ్ మైక్రోసాఫ్ట్ సొంత ఇంజన్ మీద ఆధారపడుతుంది.

లోపం ఎవరిదో తేల్చడానికి ఈ సమాచారం చాలా పనికొస్తుంది. "రాష్ట్రం" అన్న మాటలో కిందున్న రెండు ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయనుకుందాం. ఆ మాటకు నోటో సాన్స్ తెలుగు, మండలి, విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ వంటి రెండు మూడు వేరే ఫాంట్లు తొడిగి చూడాలి. ఒక్క ఫాంటులోనే తప్పు కనిపిస్తే ఆ ఫాంటు తయారీలోనే దోషం ఉండే అవకాశం ఎక్కువ. అన్ని ఫాంట్లలోనూ తప్పుగా ఉంటే అదే మాటను ఫైర్‌ఫాక్స్‌లో చూడాలి. అక్కడా అలాగే ఉంటే వేలు హార్ఫ్‌బజ్ వైపు చూపుతుంది. బ్రౌజర్‌లో బాగుండి లిబ్రేఆఫీస్‌లో మాత్రమే పాడైతే తప్పు లిబ్రేఆఫీస్‌ది. పది నిమిషాల ఈ పరీక్ష తర్వాత ఫిర్యాదు ఎవరికి చేరాలో స్పష్టమవుతుంది. ఈ పరీక్ష చేయకుండా పంపే ఫిర్యాదులు ఒక చోటి నుంచి మరొక చోటికి తిరుగుతూ నెలలు గడుపుతాయి.

రెండు కంప్యూటర్లలో ఒకే పేరున్న ఫాంటుకు రెండు వేర్వేరు వెర్షన్లు ఉండటం కూడా ఈ కోవలోకే వస్తుంది. రచయిత దగ్గర 96 పేజీలున్న పుస్తకం ప్రచురణకర్త దగ్గర 99 పేజీలైతే ముందు చూడవలసింది అదే. ఫాంటును ఫైలులోనే పొదిగే సౌకర్యం వర్డ్‌లోనూ లిబ్రేఆఫీస్‌లోనూ ఉంది.

ఒత్తుల అడుగు భాగం తెగిపోవడం మాత్రం ఇంజన్ తప్పు కాదు. వరుసల మధ్య దూరాన్ని ఖచ్చితంగా ఇన్ని పాయింట్లని బిగించినప్పుడు, ఇంగ్లిష్‌కు చాలే ఎత్తు తెలుగుకు చాలదు. పైన తలకట్టో గుడో, కింద ఒత్తు, ఆ కింద మరొక ఒత్తు అన్నీ ఆ కొలతలో ఇమడాలి. దూరాన్ని కనీసం ఇంత అన్న రకానికో, 1.2 రెట్లు వంటి నిష్పత్తికో మారిస్తే తెగిన భాగాలు తిరిగి వస్తాయి. దీనికి వ్యతిరేకమైన ఫిర్యాదు కూడా ఉంది: పేరాలో ఒక్క వరుస మాత్రం మిగతా వాటికన్నా ఎడంగా జరుగుతుంది. ఆ వరుసలో ఫాంటులో లేని గుర్తు ఏదో ఉందన్నమాట. రూపాయి గుర్తు దీనికి మంచి ఉదాహరణ. 2010 జూలైలో ప్రభుత్వం ఆమోదించిన ఆ గుర్తు అంతకుముందు తయారైన ఫాంట్లలో ఉండే వీలు లేదు. ప్రోగ్రాము దాన్ని వేరే ఫాంటులోంచి తెచ్చి పెడుతుంది, ఆ ఫాంటు ఎత్తు వరుసనంతా పైకి తోస్తుంది.

ఫైలా, ప్రొఫైలా, తెరా?

తెలుగుతో సంబంధం లేని లోపాలకు కూడా పొరలను విడదీసే పద్ధతే పనిచేస్తుంది. టూల్‌బార్లు మాయమవడం, మెనూలు స్పందించకపోవడం, తెరవగానే ప్రోగ్రాము మూసుకుపోవడం వంటివి ప్రోగ్రాములో కన్నా దాని చుట్టూ పోగైన సెట్టింగుల్లో, యాడిన్లలో (అదనంగా తగిలించిన చిన్న ప్రోగ్రాముల్లో) పుట్టడం ఎక్కువ. కంట్రోల్ మీట నొక్కి ఉంచి వర్డ్‌ను తెరిస్తే, ఈ అదనపు హంగులు లేకుండా నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్తుంది. లిబ్రేఆఫీస్ హెల్ప్ మెనూలో కూడా సేఫ్ మోడ్‌లో తిరిగి ప్రారంభించే ఆజ్ఞ ఉంది. సేఫ్ మోడ్‌లో సమస్య లేకపోతే, వర్డ్‌లో యాడిన్లను ఒక్కొక్కటిగా ఆపి చూడాలి, నార్మల్ టెంప్లేట్ పేరు మార్చి కొత్తది పుట్టనివ్వాలి. లిబ్రేఆఫీస్‌లో సెట్టింగులను దాచుకునే యూజర్ ప్రొఫైల్ ఫోల్డర్ పేరు మార్చాలి. విండోస్‌లో అది లిబ్రేఆఫీస్ అన్న ఫోల్డర్‌లోని 4 అన్న ఫోల్డర్‌లో ఉంటుంది; ప్రోగ్రాము వెర్షన్ ఎంత ముందుకెళ్లినా ఆ 4 మారలేదు. ప్రోగ్రామును తొలగించి మళ్లీ వేసినా ఫలితం లేకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది: తొలగింపు ఈ ఫోల్డర్‌ను సాధారణంగా ముట్టుకోదు. చెడిన సెట్టింగులు కొత్త ప్రోగ్రాములోకి భద్రంగా తిరిగి వస్తాయి.

సేఫ్ మోడ్‌లోనూ ఒకే ఒక్క ఫైలు బాధిస్తుంటే దోషం ఫైలులో ఉంది. దాని నకలు తీసుకుని, అందులో రెండో సగం తొలగించి చూడాలి. సమస్య మిగిలితే అది మొదటి సగంలో ఉంది, పోతే తొలగించిన సగంలో ఉంది. ఇలా సగం చేసుకుంటూ పోతే 200 పేజీల పుస్తకంలో దోషమున్న పేజీని ఎనిమిది అంచెల్లో పట్టుకోవచ్చు. ఓపిక కావలసిన పనే గాని, ఊహల మీద ఒక రాత్రంతా గడపడం కన్నా ఎంతో నయం. వర్డ్ ఫైళ్లలో చివరి పేరా గుర్తు దగ్గర డాక్యుమెంట్ చివరి సెక్షన్ అమరికల సమాచారం ముడిపడి ఉంటుంది. అందుకే ఆ గుర్తొక్కటి వదిలి మిగతా అంతా కొత్త ఫైలులోకి కాపీ చేయడం పాతకాలపు చిట్కా అయినా ఇప్పటికీ చాలా ఫైళ్లను బతికిస్తుంది.

తెరమీద అక్షరాలు చెదిరి, పీడీఎఫ్‌గా మార్చినప్పుడు శుభ్రంగా వస్తే ఫైలుకూ ఫాంటుకూ దోషం లేదు. తప్పు చిత్రణలో ఉంది. లిబ్రేఆఫీస్ 7.0 నుంచి విండోస్‌లో స్కియా అన్న చిత్రణ వ్యవస్థను వాడుతోంది, ఆప్షన్స్‌లోని వ్యూ పేజీలో దాన్ని గ్రాఫిక్స్ కార్డుతో పని లేకుండా నడిచేలా మార్చవచ్చు. దీనికి తలకిందులుగా, పీడీఎఫ్ కంటికి బాగుండి, అందులోంచి కాపీ చేస్తే ఒత్తులూ గుణింతాలూ తారుమారవడం తెలుగువారందరికీ అనుభవమే. పీడీఎఫ్ అక్షరాల ఆకారాలను, వాటి స్థానాలను దాచుకుంటుంది. ఏ ఆకారం ఏ సంకేతాల నుంచి వచ్చిందో చెప్పే పట్టిక వేరుగా ఉంటుంది. ఒక ఆకారానికి పలు సంకేతాలు, ఒక అక్షరానికి పలు ఆకారాలు ఉండే తెలుగులో ఆ పట్టిక తరచు అసంపూర్ణంగా మిగులుతుంది. అందుకే పీడీఎఫ్‌ను మూలప్రతిగా భావించి అసలు డాక్యుమెంట్‌ను పారేయడం తెలుగు ప్రచురణకర్తలు ఎప్పుడూ చేయకూడని పని.

తెలుగు చదవలేనివారికి తెలుగు లోపాన్ని చూపడం

ఇన్ని పరీక్షల తర్వాత తేలిన నిజమైన బగ్‌ను తయారీదారులకు చేర్చడం చివరి అంచె. లిబ్రేఆఫీస్‌కు బగ్‌జిల్లా అన్న బహిరంగ నమోదు వ్యవస్థ ఉంది, ఎవరైనా ఖాతా తెరిచి రాయవచ్చు. అక్కడ నివేదికను పరిశీలించే వ్యక్తికి తెలుగు రాదని ముందే అనుకోవాలి. "ఒత్తు తప్పుగా వస్తోంది" అన్న వాక్యం ఎంత మంచి ఇంగ్లిష్‌లో రాసినా ఆ వ్యక్తికి ఏమీ చెప్పదు. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టినా ఏది సరైనదో, తేడా ఎక్కడుందో కంటికి ఆనదు. కాబట్టి తప్పు బొమ్మలో దోషం చుట్టూ ఎర్ర వలయం గీయాలి. సరైన బొమ్మలో అదే చోటును పచ్చ వలయంతో చూపాలి. రెండో హల్లు మొదటి హల్లు కుడి పక్కన కాకుండా దాని కింద ఉండాలి అన్నట్టు ఆకారాల భాషలో వివరించాలి. మాటను దాని యూనికోడ్ సంఖ్యల వరసగా కూడా రాయాలి, ఎందుకంటే పరిశీలకుడు తెలుగు కీబోర్డు లేకుండానే దాన్ని తన కంప్యూటర్‌లో పుట్టించగలగాలి.

వీటితో పాటు ఆ ఒక్క మాట మాత్రమే ఉన్న చిన్న ఫైలు, ఫాంటు పేరు, దాని వెర్షన్, అబౌట్ డైలాగ్‌లోంచి కాపీ చేసిన ప్రోగ్రాము వివరాలు, పరీక్షించిన ఇతర ప్రోగ్రాముల్లో వచ్చిన ఫలితం జతచేయాలి. మూడు వందల పేజీల నవలను జతచేసి "ఎక్కడో ఉంది చూడండి" అంటే ఎవరూ చూడరు. పాత వెర్షన్‌లో బాగుండి కొత్తదాంట్లో చెడిన లోపమైతే ఆ సంగతి తప్పక రాయాలి. లిబ్రేఆఫీస్ బృందం మధ్యలోని అనేక దశల ప్రోగ్రాములను కట్టి భద్రపరుస్తుంది, వాటిని సగాలుగా చీలుస్తూ లోపం ఏ మార్పుతో ప్రవేశించిందో కనిపెట్టే బైబిసెక్ట్ పద్ధతికి కోడ్ రాయడం రానక్కరలేదు. ఫైలులో సగం తొలగిస్తూ దోషాన్ని వెతికినవారు ఇది కూడా చేయగలరు.

నివేదిక మీద ప్రశ్న వస్తే దాని స్థితి నీడ్ఇన్ఫోగా, అంటే ఇంకా సమాచారం కావాలన్నదిగా, మారుతుంది. జవాబు రాకుండా చాలాకాలం గడిస్తే మూసివేస్తారు. తెలుగు వంటి భాషల నివేదికలు ఈ దశలోనే ఎక్కువగా చనిపోయే ప్రమాదం ఉంది, ఎందుకంటే జవాబు చెప్పగలిగిన మరొకరు అక్కడ ఉండకపోవచ్చు. సవరణ పూర్తయిందని డెవలపర్ రాసిన తర్వాత, రోజువారీగా తయారయ్యే పరీక్షా ప్రతిని దింపుకుని, మొదట జతచేసిన ఆ చిన్న ఫైలునే అందులో తెరిచి, వచ్చిన బొమ్మను అదే నివేదిక కింద పెట్టినప్పుడు ఆ బగ్ వెరిఫైడ్, అంటే సవరణ సరిచూసిన, స్థితికి చేరుతుంది.